గ్రీకు తరగతిలో ఐదో పేరు

మా సరయును గ్రీకు తీసుకోమన్నది నేనే. ఈ మాట ముందే చెప్పడం మంచిది. లేకపోతే తర్వాత జరిగింది విన్నవాళ్ళు నాకు ఆ భాషంటే మొదటినుంచీ గిట్టదనుకుంటారు.

ఇంగోల్‌స్టాట్‌లో మా ఇంటికి దగ్గరున్నది పాత పద్ధతి గిమ్నాజియం. యూనివర్సిటీకి వెళ్ళే పిల్లలు చదివే బడిని ఇక్కడ అలా అంటారు. అందులో ఐదో తరగతి నుంచి లాటిన్ ఉంటుంది. ఎనిమిదిలో మూడో భాషగా ఫ్రెంచి గాని గ్రీకు గాని రాయాలి. ఏది రాయమంటావని సరయు అడిగినప్పుడు నాకు నా ఇంటర్మీడియట్ గుర్తొచ్చింది. మా బ్యాచంతా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నవాళ్ళమే. ఒక్క వాక్యం సొంతంగా అనడం రాదు గానీ నాకు తొంభై ఏడు మార్కులొచ్చాయి. ఎవరూ మాట్లాడని భాషైతే పేపర్లు దిద్దేవాళ్ళకు కూడా దయ ఉంటుందని అప్పటినుంచీ నా నమ్మకం.

"గ్రీకు తీస్కో బిడ్డా, స్కోరింగ్ ఉంటది," అన్నాను.

స్కోరింగ్ ఏమీ లేదు. మొదటి పరీక్షలో నాలుగు వచ్చింది. ఇక్కడ ఒకటంటే గొప్ప, ఆరంటే సున్నా కిందే లెక్క. మార్చుకుందామా అంటే వద్దంది. ఇటుకంత డిక్షనరీ ముందేసుకుని రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చునేది. పదకొండో తరగతికి వచ్చేసరికి ఒకటి తెచ్చుకుంది. ఆ తరగతిలో గ్రీకు చదివేవాళ్ళు ఐదుగురే. పాఠం చెప్పేది వీస్నర్ అనే పెద్దాయన. ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంటు.

అదే బల్ల దగ్గర ఆ పిల్ల వాళ్ళమ్మను మాటలు అడుగుతుండేది. మామూలుగా మేం తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల. అన్నం తింటావా అంటే కూడా "గ్లైష్" అంటుంది, ఇప్పుడే వస్తానని. అలాంటిది ఉన్నట్టుండి,

"అమ్మా, ఏడ్వకుండ ఏడ్చుడును ఏమంటరు?"

"ఏడ్వకుండ ఏడ్చుడేంది పిల్లా?" అంది ఆదిలక్ష్మి.

"అంటే కండ్లల్ల నీళ్ళు రావు. లోపల్నే. చాన రోజులు."

ఆదిలక్ష్మి గంటె పట్టుకుని కాసేపు నిలబడింది. "కుమిలిపోవుడు," అంది. "మా అమ్మమ్మ అనేది ఆ మాట."

"కుమిలిపోవుడు," అని సరయు రెండుసార్లు పలికి రాసుకుంది.

ఆదివారం ఆన్‌లైన్‌లో తెలుగు క్లాసు వింటుంది కదా, దానికోసమేమో అనుకున్నాం. మేం సంతోషపడ్డాం కూడా.

మా ఆఫీసులోనే పనిచేసే విక్రాంత్ ఒక ఆదివారం భోజనానికి వచ్చాడు. బల్ల మీది పుస్తకం తిరగేసి, "అన్నా, ఇదేం లిపన్నా, చీమలు పారినట్టున్నది. రేపు గ్రీసుల హోటల్ పెడ్తవా సరయూ?" అన్నాడు.

"ఈ గ్రీకు గ్రీసుల గూడ ఎవ్వరు మాట్లాడరు అంకుల్," అంది సరయు.

"మరెవరితోని మాట్లాడ్తరు?"

"ఎవ్వరితోని మాట్లాడం. వింటం."

విక్రాంత్ నా వైపు చూసి నవ్వాడు. "అన్నా, నీ బిడ్డ సచ్చినోళ్ళ మాటలు వింటున్నదట. నువ్వేమో ఇంజనీరును చేస్తనంటివి."

నేనూ నవ్వాను. కాని ఆ మాట నాలో ఉండిపోయింది.

ఎందుకుండిపోయిందో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి. మాది మందమర్రి. మా బాపు బొగ్గు బాయిలో కార్మికుడు. మా ఇంట్లో చదువు అంటూ మొదలైంది మా అన్న లక్ష్మీపతితోనే. పదో తరగతిలో లెక్కల్లో వాడిది బడికంతా మొదటి మార్కు. జూనియర్ కాలేజీలో చేర్పించడానికి బాపు మొదటి షిఫ్టు దిగి అలాగే వెళ్ళాడు, మొఖానికి బొగ్గుతోనే. ఏ గ్రూపు అని అడిగాడు గుమాస్తా. బాపుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. "సీటు దేంట్ల ఉంటే అండ్ల రాయి సారూ," అన్నాడు. ఆయన సీఈసీ రాశాడు. లెక్కలు పోయాయి. ఎంసెట్ రాసే దారి మూసుకుపోయింది. ఆ సంగతి మా అన్నకు మూడు నెలల తర్వాత తెలిసింది. బాపుకు మేమెవరం చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత నా వంతు వచ్చినప్పుడు మా అన్న పొద్దున ఆరింటికే వెళ్ళి కాలేజీ ముందు నిలబడ్డాడు. ఫారంలో ఎంపీసీ అని తనే పెద్ద అక్షరాలతో రాసి, గుమాస్తా రిజిస్టర్లో ఎక్కించేదాకా కిటికీ వదల్లేదు. నేను ఇంజనీరునై ఈ దేశం దాకా వచ్చానంటే ఆ కిటికీ వల్లే. మా అన్న ఇప్పుడు అదే కాలేజీ ఎదుట జిరాక్సు షాపు నడుపుతాడు.

కాబట్టి గ్రూపు అనే మాట నాకు చిన్న మాట కాదు.

పదకొండో తరగతి మార్చి నెలలో సరయు ఒక ఫారం తెచ్చింది. చివరి రెండేళ్ళకు ఏయే కోర్సులు చదువుతారో, అందులో ఏది పెద్ద సబ్జెక్టుగా వారానికి ఐదు గంటలు చదువుతారో రాసివ్వాలి. శుక్రవారం గడువు. మైనరు కనక తల్లిదండ్రుల సంతకం కావాలి. పెద్ద సబ్జెక్టు అన్నచోట ఆమె గ్రీకు అని రాసుకొచ్చింది. లాటిన్ కూడా కొనసాగించింది.

"ఇదేంది బిడ్డా?" అన్నాను. "ఫిజిక్స్ ఏది?"

"చిన్నగ ఉంటది. కెమిస్ట్రీ గూడ ఉన్నది, సూడు."

"చిన్నగ ఉంటే నడ్వదు. ఇదే గ్రూపు. ఇప్పుడు తప్పితే మల్ల రాదు."

"డాడీ, ఇక్కడ గ్రూపులు ఉండయి. అబిటూర్ పాసైతే ఏదన్న చదవచ్చు. మాథ్స్ అందరికి లాస్ట్ దాక ఉంటది."

అబిటూర్ అంటే ఇక్కడి ఆఖరి పరీక్ష. ఆమె చెప్పింది నేను విన్నాను. నమ్మలేదు. పదహారేళ్ళ పిల్ల తనకు ఇష్టమైనదాని కోసం ఏమైనా చెబుతుందనుకున్నాను. గ్రీకు చదివినవాణ్ణి మెకానికల్ ఇంజనీరింగులో కూర్చోబెట్టే దేశం ఉంటుందని నా బుర్రకు ఎక్కలేదు.

"పెద్దనాన్నకు ఏమైందో నీకు ఎరికే గద," అన్నాను.

"ఎరికే. వంద సార్లు చెప్పినవ్." ఫారం తన వైపు తిప్పుకుని, "ఇంకొకటున్నది," అంది. "మేము ఐదుగురమే. నేను తీసేస్తే నలుగురు. నలుగురికి కోర్సు పెట్టరు. లియోనీ పోతది, అందరు పోతరు. వీస్నర్ సార్‌ది పోతది."

లియోనీ ఆమె స్నేహితురాలు. ఐదో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ.

ఆ మాటకు నాకు కోపమొచ్చింది. పిల్లలందరి బరువూ నా పిల్ల మీద పెట్టి ఆ పెద్దాయన కోర్సు నిలబెట్టుకుంటున్నాడనిపించింది. "నీ చదువు నీది. ఒకరి కోర్సు కోసం నువ్వు బలి కావద్దు," అన్నాను.

ఆదిలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. "ఇగో, ఒక్కసారి పోయి బడిల అడిగి రారాదు? ఆ పిల్ల చెప్పేది నిజమైతే?"

"అడిగేదేమున్నది? నేను చదువుకోలేదా?"

"నువ్వు చదివింది మందమర్రిల," అంది ఆదిలక్ష్మి.

అయినా నేను అడగలేదు. ఎందుకు అడగలేదో చాలాసార్లు ఆలోచించాను. నా జర్మన్ ఆఫీసు వరకు సరిపోతుంది, బడి మెట్లెక్కేసరికి తడబడుతుంది. అది ఒక కారణం. అర్థం కాలేదని ఒక టీచరు ముందు ఒప్పుకోవడం ఇష్టం లేకపోవడం రెండో కారణం. మా బాపుది కూడా అదే కారణమని అప్పుడు తట్టలేదు.

గురువారం సాయంత్రం సరయు కొత్త ఫారం ప్రింటు తీసింది. పెద్ద సబ్జెక్టు ఫిజిక్స్. గ్రీకు గడి ఖాళీ. నా ముందు పెట్టి పెన్ను కూడా ఇచ్చింది. ఏడవలేదు, తలుపు విసురుగా వేయలేదు. అలా చేసుంటే నేనేమైనా ఆలోచించేవాణ్ణేమో తెలియదు. సంతకం పెట్టాను. మంచి పని చేశానన్న తృప్తితో ఆరోజు కడుపునిండా తిన్నాను.

మూడు వారాలకు అన్నం తింటూ సరయు జర్మన్‌లో ఒకే వాక్యం చెప్పింది. వచ్చే ఏడు గ్రీకు కోర్సు ఉండదట. అంతే. పెరుగు ఇటివ్వమంది. లియోనీ మాత్రం మ్యూనిక్‌లో ఇంకో బడికి మారుతుందని తర్వాత ఆదిలక్ష్మి చెప్పింది. రోజూ రైల్లో వెళ్ళి వస్తుందట. మిగతా ముగ్గురూ వేరే కోర్సులు రాసుకున్నారు.

ఆ తర్వాత ఆదిలక్ష్మి ఒకరోజు అంది, "పిల్ల నన్ను మాటలు అడుగుడు బంద్ జేసింది, సూస్తున్నవా?"

"ఫిజిక్స్‌ల గా మాటలతోని ఏం పని?" అన్నాను.

ఏప్రిల్ ఆఖర్న బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఒక్కో టీచరుతో పది నిమిషాల టెర్మిన్, అంటే ముందే పేరు రాయించుకున్న సమయం. ఫిజిక్స్ టీచరును కలిశాను. మంచి విద్యార్థి, కష్టపడుతుంది అన్నాడు. లెక్కల టీచరూ అంతే. బయటికి వస్తుంటే కారిడార్ చివరి గదిలో వీస్నర్ ఒక్కరే కూర్చుని కనిపించారు. ఆయన తలుపు మీద అతికించిన కాగితంలో టెర్మిన్ గడులన్నీ ఖాళీ. దాటి వెళ్ళిపోవడం మర్యాద కాదని లోపలికి వెళ్ళాను.

ఆయన లేచి చేయి ఇచ్చారు. కోపం లేదు. అదే నాకు ఇబ్బందిగా తోచింది. నేనే మొదలుపెట్టాను. మీ కోర్సు సంగతి తెలిసింది, బాధగా ఉంది, కాని మా అమ్మాయి ఇంజనీరింగు చదవాలి, దానికి ఫిజిక్స్ ముఖ్యం కదా, అందుకే మార్చక తప్పలేదు అన్నాను. ఈ వాక్యాలు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే మనసులో పేర్చుకున్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. "మార్చక తప్పదని మీకెవరు చెప్పారు?" అన్నారు.

"అబిటూర్ పాసైతే ఆమె ఏదైనా చదవచ్చు. వైద్యం చదవచ్చు, మెషీన్లు చదవచ్చు. నా గ్రీకు విద్యార్థుల్లో ఒకతను ఇక్కడే కార్ల ఫ్యాక్టరీలో ఇంజన్ల విభాగంలో ఉన్నాడు." ఆయన నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పారు. "సరయు మీకు చెప్పలేదా?"

చెప్పింది. చెప్పిందని ఆయనతో అనలేకపోయాను.

ఇప్పుడు మార్చవచ్చా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. టీచర్ల గంటలు పంచేశారు. లియోనీకి కొత్త బడిలో చోటు ఖాయమైంది. మళ్ళీ ఐదుగురు దొరకరు. అయినా కోర్సులు చూసే మేడమ్ గదికి వెళ్ళి అడగమన్నారు. తర్వాత వెళ్ళి అడిగాను కూడా. కుదరదని ఆమె మర్యాదగానే చెప్పింది.

నేను లేవబోతుంటే వీస్నర్ బ్యాగులోంచి ఒక లావు నోటుబుక్కు తీశారు. సరయుది. "మీరు వచ్చారు కాబట్టి ఒక సాయం అడుగుతాను," అన్నారు. "ఈమె అనువాదాలు మూడు వరసల్లో రాస్తుంది. ఎడమన గ్రీకు. కుడివైపు జర్మన్. నేను దిద్దేది కుడివైపుది మాత్రమే. మధ్య వరస నాకు చదవడం రాదు. అడిగితే, 'ముందు మా అమ్మ భాషలోకి తెచ్చుకుంటే గానీ నాకు అర్థమైనట్టుండదు, అక్కణ్ణించి జర్మన్‌లోకి వస్తాను' అని చెప్పింది. మూడేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ దిద్దలేకపోయాను. అది సరిగ్గా ఉందా?"

మధ్య వరస తెలుగు. గుండ్రంగా, చిన్నపిల్లల చేతిరాతలా, జర్మన్ పెన్నుతో నీలం సిరా. ఒత్తులు కొన్ని తప్పు. పడవవాడి భార్య గురించి ఏదో పాఠం. పడవ వెనక్కి రాలేదు. "ఆమె రోజూ ఒడ్డుకు పోయింది. ఎవరికీ చెప్పలేదు. చానా దినాలు కుమిలిపోయింది." ఒడ్డు అన్నచోట ముందు గట్టు అని రాసి కొట్టేసింది. కుమిలిపోయింది అన్నచోట మూడు మాటలు కొట్టేసి ఉన్నాయి.

"ఆ మాట దగ్గర రెండు రోజులు ఆగింది," అన్నారు వీస్నర్. "జర్మన్‌లో ఆమె రాసిన మాట చాలా బాగుంది. మిగతా నలుగురూ ఏడ్చింది అని రాశారు."

నేను పేజీలు తిప్పాను. మూడేళ్ళ తెలుగు. ఇంట్లో మాతో జర్మన్‌లో మాట్లాడే పిల్ల ఇంత తెలుగు ఇక్కడ రాసి పెట్టుకుంది.

"సరిగ్గా ఉంది," అన్నాను. కుమిలిపోయింది అన్న మాట ఉన్న పేజీకే మళ్ళీ తిప్పాను. ఆయన కిటికీ వైపు చూశారు, నాకు కాస్త వ్యవధి ఇవ్వడానికి. తర్వాత నోటుబుక్కు నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని, "ఇది ఆమెకు నేనే ఇస్తాను," అన్నారు. "ఇంకో మాట. సెప్టెంబరు నుంచి గురువారం ఆఖరి గంట తర్వాత నేను ఒక గదిలో కూర్చుంటాను. మార్కులుండవు, సర్టిఫికెట్ ఉండదు. గ్రీకు మానేసిన పిల్లల్లో ఎవరికి కావాలంటే వాళ్ళు రావచ్చు. ఆమెకు చెప్పండి."

ఆ సాయంత్రమే సరయు గదికి వెళ్ళి నిలబడ్డాను. "బిడ్డా, నువ్వు చెప్పింది నిజమే. నాదే తప్పు," అన్నాను. నా కూతురికి నేను ఈ మాట చెప్పడం అదే మొదటిసారి.

ఆమె లాప్‌టాప్ మీంచి తల ఎత్తింది. "పాస్ట్ షోన్," అంది. ఈ ఊళ్ళో అందరూ అనే మాట. పర్వాలేదని అర్థం. ఇక దాని గురించి మాట్లాడవద్దని కూడా అర్థం.

గురువారం సంగతి చెప్పాను. చూద్దాం అంది.

సెప్టెంబరు వచ్చింది. పన్నెండో తరగతి మొదలైంది. మొదటి గురువారం వెళ్ళలేదు. రెండోదీ వెళ్ళలేదు. మూడో గురువారం నేను ఆఫీసునుంచి ముందుగా బయటపడి బడి దగ్గరికి వెళ్ళాను. ఆమె గేటు దగ్గరికి వచ్చి, నా కారు చూసి ఆగింది.

"ఇయ్యాల పో బిడ్డా. నేను గంటసేపు కార్ల కూసుంట," అన్నాను.

ఆమె బ్యాగు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. కింది అంతస్తులో ఒక గది కిటికీ తెరిచి ఉంది. వీస్నర్ బల్ల అంచు మీద కూర్చున్నారు. ఎదురుగా ఆమెతో గ్రీకు చదివిన ఇద్దరు పిల్లలు. ఒకడేదో అన్నాడు, ఆయన నవ్వారు. సరయు అటే చూస్తూ నిలబడింది. లోపలికి వెళ్ళడానికి ఇరవై అడుగులు కూడా లేవు.

"పోదాం డాడీ," అంది.

"ఎందుకు? ఆ పిల్లలు కోపంగున్నరా నీ మీద? కోర్సు పోయిందని?"

"నా మీద లేదు."

"మా డాడీ చేసిండని చెప్పు. నాదే తప్పని చెప్పు. నేను వచ్చి చెప్పాల్నా?"

"అదే చెప్పిన," అంది. ఆ ఫారం రోజు తర్వాత నాతో ఇంతసేపు తెలుగులో మాట్లాడటం ఇదే మొదటిసారి. "మార్చిల్నే చెప్పిన. డాడీ వద్దన్నడు అని. అప్పుడు వాళ్ళు నిన్ను అన్నరు. మీ ఇండియన్ ఫాదర్స్ అందరు గిట్లనే, పిల్లల్ని మెషీన్ల లెక్క చేస్తరు అని. లియోనీ గూడ అన్నది. మీ డాడీకి చదువంటే ఏందో తెల్వదు అన్నది."

నేను స్టీరింగు మీది చేతులు చూసుకున్నాను.

"నాకు మస్తు కోపమొచ్చింది. మా డాడీ గురించి నీకేం తెల్సు అన్న. తాత బాయిల పనిజేసిండు, పెద్దనాన్నకు గ్రూపు పోయింది, అన్ని చెప్పిన. వాళ్ళకు ఎట్ల చెప్పినా అర్థం కాలే. గ్రూపు అంటే ఏందో జర్మన్‌ల చెప్పనీకే రాలేదు నాకు. ఒర్రిన వాళ్ళ మీద. లియోనీ రైలెక్కి పోయింది, నాకు చెప్పలే. వీళ్ళిద్దరు అప్పట్నుంచి నాతోని మాట్లాడరు."

"మరి నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"చెప్తే నువ్వు బాధపడ్తవ్."

కిటికీలోంచి వీస్నర్ మమ్మల్ని చూశారు. చేయి ఎత్తారు, రమ్మన్నట్టు. సరయు కూడా చేయి ఎత్తింది, పద్ధతిగా, నమస్కారానికి బదులు చెప్పినట్టు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి కార్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

నేను తాళం తిప్పలేదు. దిగి వెళ్ళి ఆ ఇద్దరు పిల్లలతో మాట్లాడదామా అనుకున్నాను. ఏమని మాట్లాడతాను? వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం ఎంతో నాకే తెలియదు. నా తరఫున పోట్లాడి నా కూతురు పోగొట్టుకున్నవాళ్ళ దగ్గరికి నేను వెళ్ళి వాళ్ళదే నిజమని చెబితే, ఆమె పోట్లాటకు అర్థమేముంటుంది?

"పోనీ డాడీ," అంది. "అమ్మ మెసేజ్ పెట్టింది, పాలు అయిపోయినయట. రేపు నాకు ఫిజిక్స్ టెస్ట్ గూడ ఉన్నది."

బండి కదిలించాను. మలుపు దాటేదాకా ఆమె తల ఆ కిటికీ వైపే ఉంది.